రామగుండం దాకా

కాజీపేట ఫాతిమానగర్ల
టైర్ల దుకాణం మీది అంతస్తుల, రేకుల కప్పు కింద
రెండు పడవలున్నయి.
నీళ్లు లేవు.
గొలుసు, గాలిచక్రం, జారే పీట,
పాదాలను కట్టేసే పట్టీలు,
ముఖం ముందట అంకెలు చూపే చిన్న అద్దం.
పొద్దున ఐదింటికి షట్టర్ లేస్తది.

మొదటి రోజు నవ్విన నేను.
ఎంత గుంజినా ఆ గోడ ఇంచు జరగదు,
ఇదేం పడవ?
ఓదెలు సార్ నవ్వలే.
ముప్పై నాలుగేండ్లు గూడ్సు బండి గార్డు ఆయన.
"నా కొలువంత గిదే బిడ్డా," అన్నడు,
"ఎనుక డబ్బల కూసోని
పోయిన పట్టాలను చూసుకుంట ముందుకు పోవుడు.
వచ్చే ఊరు వీపుకు తెలుస్తది."

ఆయన లెక్క మీటర్లల ఉండదు.
రెండు వేలంటే రామగుండం.
రెండు వందలకొక స్టేషన్.
హసన్‌పర్తి, ఉప్పల్... ఆడిదాకా అందరూ వీరులే.
జమ్మికుంట కాడ పత్తి మూటలు భుజాలకెక్కుతయి.
బిసుగిర్ షరీఫ్ అంటె యాకూబ్ కండ్లకద్దుకుంటడు.
పొత్కపల్లి దాటితే నోట్లె ఇనుము రుచి.
ఓదెల, ఆయన పేరున్న ఊరు,
ఆడ మాత్రం ఆయన నోరిప్పడు.
భుజం మీది తువ్వాల తీసి
పచ్చజెండా లెక్క ఊపుతడు.
నా బండి ఎప్పుడూ ఆ జెండా కిందనే
నీరుగారిపోతది.

నడుమల ఒక పిలగాడు వచ్చిండు,
సౌండు బాక్సు తెచ్చి "కమాన్, కమాన్" అని ఒర్రెటోడు.
మూడు రోజులున్నడు.

గోడ మీద సుద్దతోటి నాలుగు పేర్లు.
యాకూబ్, లోకో షెడ్డు వెల్డరు: ఏడు నలభై.
స్వరూప, ప్రసూతి ఆసుపత్రిల రాత్రి డ్యూటీ: ఎనిమిది పదిహేను.
నేను, కోర్టు ముందట జిరాక్స్ దుకాణం: ఎనిమిది ముప్పై నాలుగు.
సార్, అరవై మూడేండ్లు: తొమ్మిది రెండు.
ఒకరి అంకెకు ఇంకొకరి అంకెతోటి కయ్యం లేదు.
నిరుడు ఈ పీట మీద కూసున్న నన్నే
నేను దాటాలె.

మొన్న శనివారం సార్ రాలే. మోకాలి ఆపరేషన్.
పట్టీలు బిగించుకొని
"ఎవరన్న పిలువుండ్రి" అన్న.

యాకూబ్ మొదలువెట్టిండు.
ఆత్రంల తన దర్గా ఊరిని
జమ్మికుంట కన్నా ముందు తెచ్చిండు.
స్వరూప దిద్దింది.
దిద్దుకుంట దిద్దుకుంట పొత్కపల్లిని మింగింది.
"ఓదెల! ఓదెల వచ్చింది అక్కా!"
రాలే.
నా వీపుకు తెలుసు.
తొడలు మండుతుంటె, ఊపిరి పేలికలైతుంటె
"పొత్... కపల్లి!" అని నేనే ఒర్రిన.
ఒర్రినందుకు కొంచెం పోయింది,
ముగ్గురం నవ్వినందుకు ఇంకొంచెం.

అంతల నిజంగనే ఓదెల.
జెండా మనిషి లేడు.
స్వరూప తెల్లకోటు విప్పి ఊపింది,
స్పిరిటు వాసన, రాత్రి పుట్టినోళ్ల వాసన.
బండి ఆగలే.

కొలనూరు. చేతులు నావి కావు.
"ఇంకొక్కసారి తల్లీ, ఇంకొక్కసారి,"
కాన్పుల గదిల అన్నట్టే అంటున్నది ఆమె.
"పెద్దపల్లి, దిగెటోళ్లు లేరు, పోనియ్!" అన్నడు యాకూబ్.
రాఘవాపురం కాడ కండ్లు మూసుకున్న.
గాలిచక్రం మోత ఒక్కటే.
రామగుండం పొగగొట్టాలు ఎట్లా కనవడవు,
వీపుకు సెగ తాకింది, ఒట్టు.

ఎనిమిది ముప్పై రెండు, దాని మీద ఎనిమిది పాయింట్లు.
అంటే ఒక సెకండు, పిసరంత.

యాకూబ్ వంగి నా పాదాల పట్టీలు విప్పిండు.
నేల మీద ఎల్లెలుకల పండుకొని
రేకుల మీద పావురాల నడక విన్న.
స్వరూప నా పాత అంకె తుడువబోతే
ఆగమన్న.
సార్ వచ్చినంక ఆయనతోటి తుడిపిద్దం.
పొత్కపల్లి సంగతి మాత్రం
చెప్పాల్నా వద్దా ఇంకా తేలలే.

తొమ్మిదింటికి దుకాణం తెరిచిన.
మొదటి గిరాకి ఆధార్ కాపీలు రెండు అడిగితే
ఐదు తీసిచ్చిన.
చేతులు ఇంకా గుంజుతనే ఉన్నయి.