తాలు

కొత్తపేటలో రెండో అంతస్తు, కిటికీ లేని గది.
చొక్కా విప్పి స్టూలు మీద పెట్టాడు ఏలియా.
మిర్చియార్డు మొత్తం ఆ మడతలో ఉంది.
ఏసీ గాలికి ఘాటెక్కి
నేను మూడుసార్లు తుమ్మాను.

ఎడమకి తిరుగు. చెయ్యి తలకింద పెట్టు.
ఊపిరి వదిలి, ఆపు.
జెల్ తగలగానే "ఐసుముక్కా తల్లీ" అన్నాడు.
ముప్పయ్యేళ్లు టిక్కీలు మోసిన పక్కటెముకలు;
ఆ సందుల్లో ప్రోబ్‌కి దారి వెతకాలి.
దొరికింది.

బూడిదరంగు విసనకర్రలో గుండె.
గోడలు లోపలికొస్తున్నాయి, దళసరెక్కుతున్నాయి,
సడలి మళ్లీ పలచబడుతున్నాయి.
ముందు గోడలో, కొస దగ్గర మాత్రం
ఏదో మొహమాటం.

కదులుతోందా అంటే, కదులుతోంది.
ఇక్కడే మోసపోతాం నజీమా,
పక్కకండ లాగితే చచ్చుకండ కూడా కదులుతుంది,
కదలిక కాదు, దళసరెక్కడం చూడు
అని కొత్తపిల్లకి చెబుతుంటే
మంచం మీంచి ఏలియా అందుకున్నాడు:

"టిక్కీ మీద నాలుగు చేతులుంటాయమ్మా.
చెయ్యేసినోడల్లా మోసినట్టు కాదు.
మెడ చూడాల. మోసేవోడి మెడ ఉబ్బుద్ది."

పదకొండేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను.
ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

కండలోని రవ్వంత రవ్వంత చుక్కల వెంట
మిషను పరిగెత్తి లెక్క కట్టింది.
ఇక్కడ మైనస్ ఎంత పెరిగితే అంత మేలు.
మైనస్ ఇరవై. మైనస్ పంతొమ్మిది. మైనస్ ఇరవై ఒకటి.
కొసలో
మైనస్ నాలుగు.

పదిహేడు ముక్కల గుండ్రటి పటాన్ని
తెరమీద ఆరబోసింది: ఎరుపు, ఎరుపు, చిక్కటి ఎరుపు,
నడిమధ్య పాలిపోయి, వెలిసిపోయి.
ఏలియా తలెత్తి చూశాడు.
గుప్పెడు కాయ చేతిలోకి తీసుకుని
లాటు సంగతంతా చెప్పగల మనిషి.

"తాలు ఎంత పడిందమ్మా?"

నాలుగు ముక్కలన్నాను.
రిపోర్టులో రాయాల్సిన పేరు వేరే ఉంది,
అది నోటికి రాలేదు.
కాటా ముందు నిలబడ్డట్టు కాసేపు ఊరుకుని
"రేటు తగ్గుద్ది. లాటంతా పారబొయ్యరుగా" అన్నాడు.

తాలుకాయకి మళ్లీ ఎరుపు రాదు.
గుండెకి ఒక్కోసారి వస్తుంది.
అది చచ్చిన కండో, ఆకలికి నిద్రపోయిన కండో
మందెక్కించి, తట్టి చూస్తేగానీ తెలీదు.
ఆ మాట డాక్టరుగారు చెప్పాలి, నేను కాదు.
టిష్యూ కాగితాలు ఇచ్చి
గురువారం రమ్మన్నాను.
"గురువారం యార్డుకి సెలవేం కాదే" అంటూ
వాచ్‌మన్ దగ్గర దాచిన కొక్కెం కోసం
మెట్లు దిగిపోయాడు, మధ్యలో ఒకసారి ఆగి.

తరవాతి పేరు పిలవలేదు.
అదే లూపు తిప్పి తిప్పి చూస్తున్నాను.
ఏం చూస్తున్నారు మేడం అంది నజీమా.

మెడ, అన్నాను.