నిరోష్ఠ్యం

కింది పెదవి లోపల, ఎడమ పక్క,
మెంతిగింజంత తెలుపు, చుట్టూ ఎర్రటి గట్టు.
"నోరు పూసింది" అంటాం మేము.
పుండుకీ మామిడికీ ఒకటే క్రియ ఇచ్చిన భాషను
పిల్లలకు చెప్పి బతికాను ఒకప్పుడు, మెట్‌పల్లిలో,
నెలకు ఇంతని, అదీ ఇస్తే.
ఇప్పుడు సోహార్ రేవు పక్క గోదాములో
బోల్టులు, వాషర్లు, పైపుల బిగింపులు లెక్కపెడతాను.

గదిలో ఆరుగురం. వైద్యాలు అంతకన్నా ఎక్కువ.
లింబాద్రి పటిక ముక్క అద్దమన్నాడు,
అద్దాను, పట్టపగలు చుక్కలు కనిపించాయి.
"వేడి చేసింది" అని తీర్పిచ్చాడు గంగన్న.
బయట నలభై ఆరు డిగ్రీలు,
ఎవరికి చలువ చేసిందో అడుగుదామనుకుని
నోరు తెరవలేక మానేశాను.
నెయ్యి, తేనె. ఎండుకొబ్బరి నమలమన్నవాడొకడు,
నమలగలిగితే ఇంకేం.
అన్నం, చల్లటి లబన్, రాత్రికి మళ్ళీ అన్నం, లబన్.
ఉప్పునీళ్ళు పుక్కిలించేటప్పుడు మాత్రం
వాష్‌బేసిన్ అంచు పట్టుకుని
ఒంటికాలి మీద నిలబడతాను, ఎందుకో తెలీదు, అలా అయితే కొంచెం నయం.

డాక్టర్ ఇహాబ్‌ది సూడాన్. మెల్లగా మాట్లాడతాడు.
పెదవి తిప్పి చూసి, టార్చి ఆపి,
ఏ పేస్టు వాడతావని అడిగాడు.
నురగ ఎక్కువొచ్చేది మానెయ్యమన్నాడు.
రక్తం తీయించాడు. బీ ట్వెల్వ్ అడుక్కంటా ఉంది.
మాత్రలు, రాత్రి పూట అద్దుకోను జిగట మందు,
తడి తుడిచి, వేలి కొసతో, తాకీ తాకనట్టు.
"పది పద్నాలుగు రోజులు. మూడు వారాలు దాటితే ఊరుకోకు, రా."
నిద్ర ఎన్ని గంటలన్నాడు చివర్లో.
నేను గోడ మీది క్యాలెండరు చూశాను.
ఇక రాకుండా పోదా డాక్టర్, అంటే
తన పెదవి తిప్పి చూపించాడు.
అక్కడా ఒకటి.

శుక్రవారం ఫోను రోజు.
ప ఫ బ భ మ.
పెదవులు కలిస్తే గాని పుట్టని అయిదు అక్షరాలు,
కలిస్తే నిప్పు.
పూర్వం కవులు పంతానికి వీటిని వదిలి పద్యాలు కట్టారు.
నేను నొప్పికి కట్టాను:

తిన్నాను.
ఎండలు తగ్గినాయి.
గది చల్లగానే ఉంది.
అత్తయ్య కళ్ళద్దాలు తెచ్చారా?
జీతాలు ఇంకా రాలేదు, సర్దుకో.
అన్నీ సరే ఇక్కడ. నీ సంగతి?

ఒక్కచోటా తగల్లేదు.
రాని మాటలేవో తర్వాత పడుకుని లెక్క తీశాను, గోదాము అలవాటు.
డబ్బు. అప్పు. పంపడం. నొప్పి.
బెంగ, అది మొదటి అక్షరం దగ్గరే ఆగింది.
భూమిక.
మా పాప. ఆ పేరు పెట్టిన రోజు
రెండు చోట్ల పెదవి తగులుతుందని ఎవరనుకున్నారు?
"చిన్నీ" అన్నాను.
"చిన్నీ ఎవరు నాన్నా?"

జలజ ఫోను లాక్కుంది.
"పోరి పేరు ఒక్కసారి గూడ పిలువలేవు. మళ్ల పూసిందా?"
"ఊఁ."
ఊఁ అనడానికి పెదవులు సున్నా చుడితే చాలు.
"గోదాం లెక్కలు మొదలైనయి గదా. నేను రాసి పెట్టుకున్న,
పోయినసారి రంజాన్ల, అంతకుముందు జీతం ఆపినప్పుడు.
నువ్వేం మాట్లాడకు. ఫోన్ గూడ పెట్టకు."
తను గిన్నెలు కడుక్కుంది. నేను విన్నాను.
నీళ్ళ చప్పుడు, స్టీలు చప్పుడు,
మధ్యలో ఎవరినో కసిరింది, కోడినో, భూమికనో.
పదకొండో నిమిషానికి బ్యాలెన్స్ అయిపోయింది.

పన్నెండో రోజు
నాలుకతో వెతికితే దొరకలేదు.
కిటికీకి వేలాడే చేతి అద్దం ముందు నిలబడి
ప ఫ బ భ మ అన్నాను,
గట్టిగా, రెండుసార్లు.
పై మంచం మీంచి లింబాద్రి తల వంచి
"ఏందన్నా, పొద్దుగాల్నే బడి వెట్టినవా?" అన్నాడు.