సున్నా బైట్లు

వేళచ్చేరిలో కరెంటు పోయింది,
రాత్రి రెండూ పదకొండుకి.
వచ్చాక చూస్తే డయాలిసిస్ సెంటర్ జాబితా ఉంది,
పేరుంది, తేదీ ఉంది,
లోపల సున్నా బైట్లు.

తప్పు నాదే.
పాత ఫైలు తెరిచి, తుడిచి,
దాని మీదే కొత్తది రాయించాను.
తుడవడానికీ రాయడానికీ నడుమ
నలభై మంది పట్టేంత చీకటి.

తెల్లారి నీళ్ళ లారీ దగ్గర కుప్పమ్మ.
గొట్టం కింద నిండిన బిందె ఇటు, ఖాళీది అటు,
ఒకటే ఊపు.
రోడ్డు మీద చుక్క పడలేదు.
"రెండోది ముందే చంకలో ఉండాలబ్బాయ్" అంది,
నేనేమీ అడక్కుండానే.

ఇప్పుడు పక్కనే ఒక చిత్తు పేరు పెట్టి
అంతా అందులో రాస్తాను:
బ్లడ్ గ్రూపులు, మంచం నంబర్లు, సోమ బుధ శుక్ర.
డిస్కుని అడుగుతాను, దిగిందా? నిజంగా దిగిందా?
అవునన్నాకే రీనేమ్.
తొందరపడితే అదీ ఖాళీ బిందెకి మంచి పేరే.

చూసేవాళ్ళకి పాతదైనా దొరుకుతుంది, కొత్తదైనా.
సగం దొరకదు.

ఇంకో డిస్కు నించి తెస్తానంటే మాత్రం కుదరదు.
పక్కవీధి బిందెని మన వరసలో
ఎవరు నిలబెట్టనిస్తారు?
ఫోల్డర్‌నీ దిగిందా అని అడగాలట,
అది మొన్ననే తెలిసింది.

నిన్న రాత్రి మళ్ళీ పోయింది, సరిగ్గా రాస్తుండగా.
చిత్తు ఫైలు సగంలో తెగి పడుంది,
ఎవరికీ అక్కర్లేకుండా.
జాబితాలో సెల్వనాయకి ఉంది.
శుక్రవారం, ఆరింటికి, మూడో మంచం.