ఒక పీపా బాకీ

రాజు అని మొదట రాసింది
స్కేల్‌విక్ రేవులో వారానికోసారి వెలువడే నాలుగు పేజీల పత్రిక.
ఐదు పడవలు, రెండు చెక్క రేవులు,
చేపల్ని ఉడికించి నూనె పిండే ఒక మిల్లూ ఉన్న హాల్వర్దుర్‌ని
ఏమని పిలవాలో సంపాదకుడికి తోచలేదు.
యజమాని అంటే చప్పగా ఉంది.
ఐస్‌లాండ్‌కి రాజు ఉన్నన్నాళ్ళూ సముద్రానికి అవతలే ఉన్నాడు,
నాణెం మీద పక్కకి చూస్తూ.
ఆయన్ని మర్యాదగా వదిలించుకున్నాక
ఆ మాట ఖాళీగా పడి ఉంది,
అద్దెకి మనిషి దొరకని ఇల్లులా.
హెర్రింగ్ రాజు అని అచ్చేశాడు.

హెర్రింగ్ చేపలు అది చదవలేదు.

రాజంటూ ఒకడు వచ్చాక మిగతావి వాటంతటవే వస్తాయి.
భార్య టోపీ మార్చి రాణి అయింది.
డాన్సుల్లో తాగి బెంచీలు విరగ్గొట్టే కొడుకు యువరాజు.
మిల్లు పొగగొట్టం దిగి వచ్చే కుళ్ళుకంపుని
డబ్బు వాసన అన్నారు, కిటికీలు మూసుకుంటూనే.
ఆయన కూర్చునే బోర్లించిన పీపా మీద
ఇంకెవరూ కూర్చోలేదు.
ఎవరూ వద్దనలేదు.

స్టేన్‌వోర్‌కి అప్పుడు పదిహేడు.
పడవ కూత వినపడితే అర్ధరాత్రి లేచేది
(అక్కడ వేసవిలో అర్ధరాత్రికీ వెలుగుంటుంది).
తల కోసి, పేగు లాగి, ఉప్పులో పొర్లించి, వరసగా పేర్చి
పీపా నిండిందని అరిస్తే
బేన్‌టేన్ వచ్చి ఆమె బూటులో ఒక ఇత్తడి బిళ్ళ జారవిడిచేవాడు.
బిళ్ళ మీద బొమ్మ లేదు, ఆయన పేరులో మొదటి అక్షరం, అంతే.
తెల్లారేసరికి ఎంత సంపాదించిందో
మడమకి తెలిసేది.

ఉప్పు వేళ్ళ సందుల్లోకి దిగి పుళ్ళు పడేవి.
గుడ్డపీలికలు చుట్టుకుని మళ్ళీ కత్తి పట్టేవాళ్ళు.
"మా భాషలో మానని పెద్ద పుండుకి
రాచపుండు అని పేరు" అన్నాను.
ఎనభై ఏళ్ళ స్టేన్‌వోర్ నవ్వింది:
"మీవాళ్ళకి రాజులు బాగా తెలుసన్నమాట."

తెలుసు.
సారా పాడుకున్నవాణ్ణి రాజా అన్నాం,
వడ్డీకి తిప్పేవాణ్ణి దొరా అన్నాం,
పూట భోజనం పెట్టినవాణ్ణి, పాపం, మహారాజు అన్నాం.
వీపు వాచినప్పుడు మాత్రం
రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అని సర్దుకున్నాం.
ఒకటే మాట, పొట్టకీ వీపుకీ.

ఒక జూలైలో, పీపా రేటు పెంచమని
నలభైమంది ఆడవాళ్ళు కత్తులు కింద పెట్టారు.
చెక్కల మీద చేపలగుట్ట వెచ్చబడుతోంది.
ఆయన వచ్చాడు, కోటు గుండీలు పెట్టుకుంటూ.
ఆ దేశంలో టెలిఫోన్ పుస్తకంలో కూడా
అందరూ సొంత పేర్లతోనే వరస కడతారు,
మంత్రీ మంత్రసానీ ఒకే పేజీలో.
"హాల్వర్దుర్," అంది స్టేన్‌వోర్, "చేప పాడవుతోంది."
ఇంకేమీ అనలేదు.
చేప పాడవడానికి ఇంకా టైముంది.
ఆయన అంతసేపు ఆగలేదు.

తర్వాత కొన్నేళ్ళకి ఒక వేసవిలో చేప రాలేదు.
పై వేసవీ రాలేదు.
యుద్ధం లేదు, తిరుగుబాటు లేదు,
ప్రజలు చెప్పకుండా ఎటో ఈదుకుంటూ పోయారు.
పడవలు బ్యాంకు పట్టుకుపోయింది.
రాణి రాజధానిలో ఒక టోపీల కొట్లో పనికి కుదిరింది.
రాజు అన్న మాట మటుకు ఊళ్ళోనే ఉండిపోయింది,
మ్యూజియంలో, తాడు కట్టిన ఆ పీపా పక్కన,
అట్టముక్క మీద.

ఇప్పుడు మనవరాలు ఉల్వ్‌హిల్దుర్ ట్రాలర్ మీద వంట చేస్తుంది.
ఇంకా గుడ్డులోంచి రాని చేపల్ని కూడా
కాగితాల మీద పంచేసుకున్నవాళ్ళ ట్రాలర్ అది.
పత్రికలు వాళ్ళని సముద్రపు జమీందార్లు అంటున్నాయట.
వీళ్ళకి కోటలు లేవు, కోటాలున్నాయి:
ఆ చమత్కారం ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక
కాఫీ తాగాను.

ఆవిడ సొరుగు వెతికి ఒక ఇత్తడి బిళ్ళ తెచ్చింది.
ఆ రాత్రి బూటు అడుగున అతుక్కుపోయిందట,
లెక్కలో చూపించడం మర్చిపోయిందట.

"హాల్వర్దుర్ నాకు ఒక పీపా బాకీ" అంది.