రెండున్నర చుట్లు

రాత్రంతా నిద్రపోనివ్వద్దన్నారు.
అందుకని కాకినాడ బస్సులో
సువార్త కళ్లు మూతపడినప్పుడల్లా
అరికాలు గోకుతూ వచ్చాను.
పిలిస్తే లేచే పిల్లయితే
ఈ ప్రయాణమే లేదు.

ముందు గుండ్రటి మిషను, నిమిషంలో అయిపోయింది.
తర్వాతది సొరంగం.
రైసుమిల్లులా మోగుతుందమ్మా అంటూ
ఆ కుర్రాడు నాకింత దూది ఇచ్చాడు.
మత్తుమందుకి వాలిపోయిన నా పిల్ల చెవుల్లోనూ
మెల్లగా రెండు ఉండలు పెట్టాడు.

"దానికి వినపడదు బాబూ."
"చెవులేగా అమ్మా."

కమ్మలు పెట్టుకోడానికైనా ఉన్నాయిలే
అంది మా ఆడపడుచు, బారసాల నాడు కాదు, మొన్న.
వాటిని చెవులన్నది ఇతనొక్కడే.

డాక్టరు సత్యవేణిగారు తెర మీద చూపించారు:
నలుపులో నూకగింజంత నత్త.
"దీనికి రెండున్నర చుట్లుండాలి.
పాపకి ఒకటిన్నరే తిరిగింది.
పైన గోడల్లేక గదులు కలిసిపోయాయి."

చుట్ల సంగతి నాకు చెప్పాలా.
పదకొండో ఏట కొక్కెం సూది పట్టినదాన్ని.
ఒక్క చుట్టులో కుట్టు జారితే చాలు,
లేసు బల్ల మీద పరుచుకోదు, గిన్నెలా ముడుచుకుంటుంది.
సీతారామపురం ఏజెంటు విసిరి కొడతాడు.
విప్పి మళ్లీ అల్లుతాను.
దీన్నెక్కడ విప్పను?

కడుపులో ఏడో వారంలో ఆగిపోయిందట.
ఏడో వారంలో నేనేం చేస్తున్నాను?
ఏ దేశానికో పోయే టేబుల్ క్లాతు,
తొంభై ఆరు పువ్వులు, శనివారం గడువు.

ఆవిడ నా తప్పు వెతకడం లేదు.
తీగ ఎంత పొడుగుండాలో కొలుస్తున్నారు.
మొహాన్ని కదిలించే నరం
దారిలోకి జరిగిందేమో చూస్తున్నారు.
తెరవగానే లోపలి నీరు తన్నుకురావచ్చు,
పూడ్చడానికి కండముక్క ముందే సిద్ధంగా ఉంచుకోవాలన్నారు.
గండి అంటే నాకు అర్థమైంది.
ఎనభయ్యారు వరదలో మా నాన్న బస్తాలు మోశాడు.

ఆఖరి బొమ్మ.
నరాల గొట్టాన్ని అడ్డంగా చూస్తే
నాలుగు చుక్కలుండాలి,
చొక్కా బొత్తానికి కన్నాల్లాగ.
మూడు నాకే కనిపించాయి.
నాలుగోదాని దగ్గర ఆవిడ
కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
పెద్దది చేశారు. చిన్నది చేశారు. మళ్లీ పెద్దది.
"సన్నగా ఉంది" అన్నారు.
చాలాసేపటికి, "లేకపోలేదు."

అరవై నంబరు దారంతో అల్లేదాన్ని,
సన్నమంటే భయం లేదు అందామనుకున్నాను.
సంతకం ఎక్కడ పెట్టాలో అడిగాను.

గౌతమి దాటాం, వైనతేయ దాటాం.
చించినాడ వంతెన మీద
వశిష్ట గాలికి జుట్టు ఎగిరినప్పుడు చూశాను,
రెండు చెవుల్లోనూ దూది అలాగే ఉంది.

ఎదురుగా లారీ హారను కొట్టింది.
ముందు సీట్లో ఎవరి పిల్లో
ఉలిక్కిపడి చెవులు మూసుకుంది.
నా పిల్లవి ముందే మూసి ఉన్నాయి.

నరసాపురం దాకా
తీయలేదు.