కాగితం బరువు

పలాసలో తవిటమ్మ ఇంటి మేడమీద
(మేడంటే, రేకులకీ మెట్లకీ మధ్య మిగిలిన నాలుగు గజాల శ్లాబు)
నా యంత్రం నిన్న పొద్దుటి నుంచీ గాలి పీలుస్తోంది.
కరెంటు పోయినప్పుడల్లా లోకనాథం
సందు చివరికి పరుగెత్తి జనరేటరు తిప్పుతాడు.
పొగని కొలవడానికి మేమూ కొంత పొగ పుట్టిస్తాం.
అది రిపోర్టులో రాయం.

లోపల ఒక తెల్ల కాగితం.
వేసేముందు ఎంత బరువో, తీశాక ఎంతో,
ఆ తేడా చెప్పడానికే నాలుగేళ్లు చదివాను.
మా నాన్న ఇప్పటికీ చుట్టాలతో
మా అమ్మాయి మొక్కలు నాటే ఇంజినీరు అంటాడు.

"ఏటమ్మా, గాలిని తూత్తావా?"
తవిటమ్మ పన్లోకి పోతూ ఆగింది.
జీడితొక్కు నూనెకి నల్లబడిన అరచేతుల్లో
గీతలు కనబడవు.
ఆమెకి కాటా కొత్త కాదు.
గుళ్లు వేరు, బద్దలు వేరు, ముక్క వేరు,
సాయంత్రానికి ఎన్ని కేజీలో అంత కూలి.
"నీ కాటాకి ఎంత తూగుతాది?"
చిటికెడు ఆవాలంత, అన్నాను.
"ఓలమ్మ! అంతదానికే మా ముసలోడు
తెల్లార్లూ దగ్గుతన్నాడా?"
నవ్వింది.
నేను నవ్వాలో వద్దో తెలీలేదు.

తర్వాత గొంతు తగ్గించి,
"ఉన్నదున్నట్టు రాత్తే బట్టీ మూయించేత్తారా?"

పని ఉత్తర్వు మూడో పేజీలో నా పరిధి ఉంది:
చోటు ఎంపిక, నమూనా, తూకం, నివేదిక.
పొగగొట్టం ఎత్తు ఇంకొకరి ఫైలు.
కాల్చే బదులు ఆవిరితో ఉడికించొచ్చన్న మాట
ఇంకెవరి బడ్జెట్టో.
ఆమె అరచేతులకి ఏ పట్టికలోనూ గడి లేదు.
మూయక్కర్లేదమ్మా, మారిస్తే చాలు, అనబోయి
మార్చేది నేను కాదని గుర్తొచ్చి
సగంలో ఆగిపోయాను.

ఆమె దండెం మీంచి పిల్లాడి బడిచొక్కా లాగి
నా ముందు దులిపింది. కాలరంతా బూడిదరంగు.
"ఇదీ తెల్లకాయితవే. రోజూ ఉతుకుతాను.
దీన్ని తూసేవోళ్లు లేరేటి?"

శ్రీకాకుళం ల్యాబులో తక్కెడకి అద్దాల తలుపులు.
అయినా ఊపిరి బిగబట్టే తూస్తాం,
మన శ్వాస సోకినా అంకె కదులుతుంది.
చివరి అంకె ఎంతకీ నిలవలేదు.
నిలిచాక రాశాను.
ఆ కింద, ఎవరూ అడగని ఖాళీలో
గొట్టం ఎత్తు, ఆవిరి, చేతి తొడుగులు,
ఒక చొక్కా.

"చొక్కా ఏటి మేడం?" అన్నాడు
టైపు కొడుతున్న లోకనాథం.
ఉండనీ, అన్నాను.