ముట్టుకుని చూడమన్నాడు

జేసీ రోడ్డులో వాన వెలిసిన మధ్యాహ్నం
ఇనాయత్ భాయ్ నా జిప్సీ ముందు మూలని
రెండు చేతులతో అదిమి వదిలాడు.
దిగింది, లేచింది, మళ్ళీ దిగింది,
నాలుగోసారి కూడా తల ఊపింది.
"ఇది బండి కాదమ్మా, ఉయ్యాల" అన్నాడు
దక్కనీ కలిసిన కోలారు తెలుగులో.

మిలిటరీ వేలంలో కొన్నది.
రెండంగుళాలు ఎత్తించాను, పెద్ద టైర్లు వేయించాను,
డబ్బులయిపోయి షాకులు పాతవే ఉంచేశాను.
కమానుపట్టీలు పెరిగాయి, ఇవి పెరగలేదు.
బండి ఊరికే నిలబడ్డప్పుడే
అటక మీది డబ్బా కోసం
మునివేళ్ళ మీద లేచిన మనిషిలా
ఉన్నదంతా సాగిపోయి ఉన్నాయి.
గుంటొస్తే చాచడానికింకేం మిగల్లేదు.

ఎత్తు ఎందుకు పెంచావని అతను అడగలేదు.
ఎంత పెంచావన్నాడు.
వెనక ఎంత బరువన్నాడు.
నీళ్ళ క్యాన్లు, రెండో స్టెప్నీ, టెంటు, ఓ పార.
"పక్క సీట్లో?"
యాభై ఎనిమిది కిలోల చంద్రిక అనబోయి
ఎవరూ లేరన్నాను.

జాకీ ఎత్తి చక్రాన్ని గాల్లో వేలాడదీసి
కంటి నుంచి కంటికి టేపు పట్టాడు.
షాకుకీ రెండు కళ్ళుంటాయి, పైనొకటి, కిందొకటి,
మావాటిలో రబ్బరు ఎండి బీటలిచ్చింది.
తర్వాత చక్రం ఎంతదాకా పైకెక్కుతుందో చూసి
సిగరెట్ పెట్టె అట్ట మీద రెండంకెలు రాశాడు.
పూర్తిగా చాస్తే ఇంత. ముడుచుకుంటే ఇంత.
"ఈ కొలత చూసి కొను. రంగు చూసి కొనకు."

షాపు నిండా రంగులే.
పసుపువి, ఎర్రవి, పక్కన చిన్న సీసా వేలాడే ఖరీదైనవి,
నూనెవి, గ్యాసువి, ఎనిమిది మెట్ల నాబ్ ఉన్నవి.
"ఇవి వేస్తే బండి పువ్వులా పోతుందక్కా" అన్నాడు కుర్రాడు.
అన్నిటికన్నా గట్టివి చూపించు, బరువు మొయ్యాలన్నాను.
ఇనాయత్ అట్టముక్క నా చేతిలోంచి లాక్కున్నాడు.
"బరువు మోసేది పట్టీ.
ఇది మొయ్యదు.
పడ్డ దెబ్బ పదిసార్లు పడకుండా చూస్తుంది,
అంతే దీని పని."

ఎనిమిది నెలలయింది.
రామనగర అవతల క్వారీ బాట,
ఏటవాలులో తడిసిన ఒక రాయి.
బండి ఒక్కసారే పడింది.
నాకు మాత్రం తెల్లవారుజామున పడుతూనే ఉంది:
అద్దంలో తలకిందులైన తుమ్మచెట్టు,
చంద్రిక భుజం చేసిన చప్పుడు,
ఎండిన కొమ్మ కన్నా చిన్న చప్పుడు.
ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు.
ఫోన్ చేస్తే నొప్పి తగ్గిందంటుంది,
వాళ్ళ వీధిలో నీళ్ళ ట్యాంకర్ రేటు చెబుతుంది.

చివరికి గ్యాసువే కొన్నాను, మధ్యరకం గట్టివి.
ఖాళీ బండికి కాస్త మొండి, నిండితే సరిపోతాయట.
"నిండుతుందా?" అన్నాడు.
బిల్లు నాలుగు మడతలు పెట్టాను.

ఆదివారం కనకపుర రోడ్డు వదిలి
గతుకుల మట్టిబాటలో ఒక్కదాన్నే అరగంట.
గుంటలో దిగిన బండి లేచి, ఒకసారి ఊపిరి వదిలి
నిలబడింది.
ఆపి నాలుగూ ముట్టుకుని చూడు, అని చెప్పి పంపాడు.
ఊపునంతా మింగి వేడి చేసుకుంటాయట.
చల్లగా ఉంటే పనిచెయ్యట్లేదని లెక్క.

ఎర్రమట్టిలో మోకాళ్ళ మీద కూచుని
ఒక్కో చక్రం వెనక్కి చెయ్యి దూర్చాను.
వెనకవి రెండూ వేడి.
నా వైపుది చెయ్యి పెట్టనివ్వలేదు.
ఎడమ ముందుది మాత్రం గోరువెచ్చన,
జ్వరం దిగిన నుదురులా.
ఫోన్ చేశాను. "పాడుదిచ్చాడా?"
అవతల సుత్తి చప్పుడు ఆగింది.
"లేదమ్మా. ఆ మూలన ఎవరూ కూర్చోలేదు కదా."

ఐదొందల కిలోమీటర్లయ్యాక తీసుకురమ్మన్నాడు,
బోల్టులు మళ్ళీ బిగించాలట.
వస్తామన్నాను.